ధనంజయ సార్ గొంతు

ధనంజయ లెక్కలో మనుషులు రెండు రకాలు. తిడితే కదిలేవాళ్ళు, తిట్టినా కదలనివాళ్ళు. తిట్టకపోయినా కదిలే మూడో రకం ఒకటి ఉందని ఎవరైనా అంటే, పాపం వీడికి జన్మలో ఎవరి చేతా పని చేయించే అవసరం పడలేదనుకుని జాలిపడేవాడు.

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆయన ప్రాజెక్ట్ మేనేజర్. కొత్త షెడ్డు లేవాలన్నా, కొత్త మిషన్ కూర్చోవాలన్నా, సిమెంటు పోసేవాడి వెనక పైపు వేసేవాడు, పైపు వేసేవాడి వెనక కరెంటు లాగేవాడు వచ్చేలా చూడటం ఆయన పని. చూడటం అంటే తిట్టడమే. పొద్దున్నే గేటు పక్క బంకులో టీ తీసుకుని, గ్లాసు గట్టు మీద పెట్టి, కంపెనీ ఫోన్‌ను నోటి ముందు పళ్ళెంలా పట్టుకుని కాంట్రాక్టర్లకు వరసగా వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. ఒక్కొక్కరికీ ఒక్కో రకం. బంకు దగ్గర నిలబడినవాళ్ళు టీ చల్లారిపోతున్నా తాగడం మానేసి వినేవాళ్ళు. తిట్టించుకున్నవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి ఒకే ఒక్క జవాబు పంపేవాళ్ళు.

"అయిపోతాది సార్."

ఆ మాటంటే ధనంజయకు ఒళ్ళు మంట. అయిపోతాది అన్నాడంటే వాడు ఇంకా మొదలే పెట్టలేదని అర్థం, అసలు మొదలుపెట్టే ఉద్దేశం కూడా లేదని అర్థం. వెన్నెముక లేనివాడే ఆ మాట అంటాడని ఆయన బంకు దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో.

ఆ సోమవారం యజమాని మోహన్‌కృష్ణ ఆయన్ని తన గదికి పిలిపించాడు. పెద్దాయన పోయాక కొడుకు చేతికొచ్చిన ఫ్యాక్టరీ అది. మోహన్‌కృష్ణకు మామిడికాయ చేత్తో పట్టి చూడటం కంటే ఫోన్‌లో దాని గురించి చదవడం ఇష్టం. గదిలో ఇంకో కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో లాప్‌టాప్. కాళ్ళకు కొత్త సేఫ్టీ బూట్లు, వాటి మీద ఇంకా చుక్క సిమెంటు కూడా పడలేదు.

"కూర్చో ధనంజయన్నా. ఈమె రూపశ్రీ. చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళమ్మాయి. ఈమె కూడా ప్రాజెక్ట్ మేనేజరే" అన్నాడు మోహన్‌కృష్ణ.

కూడా అన్న మాట దగ్గరే ధనంజయ ఆగిపోయాడు. మోహన్‌కృష్ణ ఆగలేదు. "ఇప్పుడు బయట ప్రాజెక్ట్ మేనేజర్ల లెక్కే మారిపోయిందన్నా. ఏఐ తెలిసినోళ్ళకి ఒక విలువ, తెలీనోళ్ళకి ఒక విలువ. పది మంది చేసే ఫాలోఅప్ ఒకరే కూర్చోని చేస్తాండారు. నేను చదివినా."

యజమాని చదివినాడంటే ఎవరికో మూడిందని ధనంజయకు తెలుసు. ఇంతకుముందు ఆయన సోలార్ గురించి చదివినప్పుడు షెడ్డు పైకప్పు రెండుసార్లు విప్పారు.

"కొత్త స్టీమ్ లైన్ ఇద్దరూ కలిసి చూడండి. ఆదివారం మంచిరోజు, పొద్దున ఆవిరి వదలాల. ఆ వెనకే కాయలు దిగతాయి. సీజన్ మొదలైనాక ఇద్దరు మేనేజర్లు ఎందుకన్నా నాకు. ఆవిరి వచ్చినాక ఎవరుండేదో ఆలోచిద్దాం." మోహన్‌కృష్ణ లేస్తూ లేస్తూ ఇంకో మాట అన్నాడు. "ఆ కంపెనీ ఫోన్ రూపశ్రీకి ఇచ్చెయ్. పాత మెసేజీలన్నీ దాంట్లోనే ఉండాయి కదా. ఏఐకి అవి కావాలంట."

ఎన్నో ఏళ్ళుగా చొక్కా ఎడమ జేబును కిందికి లాగి లాగి సాగదీసిన ఫోన్ అది. ధనంజయ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. రూపశ్రీ రెండు చేతులతో తీసుకుని "థాంక్స్ సార్" అంది. ఆ మర్యాద కూడా ఆయనకు నచ్చలేదు.

బంకు దగ్గర ఆ సాయంత్రం ధనంజయ మంచి ఊపు మీద ఉన్నాడు. ఆవిరి పైపులో చేరిన నీళ్ళు బయటికి వదిలే స్టీమ్ ట్రాప్ అంటే ఏమిటో ఆ పిల్ల లాప్‌టాప్‌ను అడిగి తెలుసుకుందని, రేపు ఆకలేస్తుందో లేదో కూడా దాన్నే అడుగుతుందని చెప్పి అందరినీ నవ్వించాడు. పని చేసేవాణ్ణి చూస్తే అందులో ఒక అందం ఉంటుంది, పని చేయించేవాణ్ణి చూస్తే ఒక దర్జా ఉంటుంది, ఈమెను చూస్తే పరీక్ష రాసే పిల్లలా ఉందన్నాడు. నాలుగు వారాల కోర్సు, గోడకు తగిలించుకునేందుకు ఒక సర్టిఫికెట్, దానికి తనకంటే ఎక్కువ జీతం. ఈ కాలంలో విలువ అంటే ఇదన్నమాట అని గ్లాసు అడుగున మిగిలిన టీ నేల మీద పారబోశాడు.

మర్నాడు పొద్దున సైట్ ఆఫీసులోకి అడుగుపెడుతుండగా ధనంజయకు తన గొంతే వినబడింది.

ప్లైవుడ్ అడ్డం అవతల, రూపశ్రీ కూర్చునే వైపు నుంచి. "ఏం ఇమ్మానుయేల్, నిన్న కేబుల్ తెస్తానంటివి, యాడుండాది కేబులు? నువ్వు తెచ్చేలోపల కాయలు పండి, కుళ్ళి, టెంకలు మొలిచి, చెట్లయి, మళ్ళా కాపుకొస్తాయి. అప్పుడు మీ మనవణ్ణి పంపించు, వాడన్నా లాగతాడేమో."

ఆ సాగతీత ఆయనదే. టెంకలు మొలిచి అన్నచోట చిన్న దగ్గు, అదీ ఆయనదే. అలాంటి మాటే పోయినేడు రేకుల కాంట్రాక్టరుతో అన్నట్టు గుర్తు. కానీ ఈ మాట మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. ధనంజయ నోరు మూసుకునే ఉన్నాడు, ఆయన గొంతు మాట్లాడుతోంది.

అడ్డం పక్కనుంచి తొంగి చూస్తే రూపశ్రీ ఫోన్ చూపించింది. ముఖంలో దాపరికం ఏమీ లేదు. "మీ వాయిస్ నోట్లన్నీ ఏఐకి ఇచ్చినాను సార్. ఎవరికి ఏ మాట పనిచేస్తాదో అదే పట్టుకునింది. ఇమ్మానుయేల్‌కి కథ మాదిరి చెప్తే కదలతాడంట. పెయింటర్‌కి దేవుడి మీద ఒట్టు పెట్టాలంట. వెల్డింగ్ ఎల్లప్పని ఇంట్లోవాళ్ళ పేరు చెప్పి చులకన చేస్తే సాయంత్రంలోపల వస్తాడంట. నేను మామూలుగా రాసి పెడితే ఎవరూ బదులే ఇయ్యలేదు. సార్ చెప్పినారు, మీ గొంతులోనే పెట్టమని."

"ఏ సారు?"

"మోహన్‌కృష్ణ సార్."

ధనంజయకు కోపం రావాలి, వచ్చింది కూడా. దాని వెనకే, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినంత సంతోషం కూడా వచ్చింది. తన తిట్టు ఇంత బాగుంటుందని ఆయనకు అంతవరకు తెలియదు. ఎల్లప్పను ఇంట్లోవాళ్ళ పేరు చెప్పి చులకన చేస్తాడన్న సంగతి కూడా తెలియదు. నోటికొచ్చింది అంటాడు, వాడు వస్తాడు, అంతే అనుకున్నాడు.

టిఫిన్ వేళకల్లా ఇమ్మానుయేల్ మోపెడ్ మీద కేబుల్ చుట్ట వేసుకుని వచ్చాడు. అతను ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, గట్టిగా మాట్లాడితే బిక్కమొహం వేస్తాడు. నేరుగా ధనంజయ దగ్గరకే వచ్చి "తెస్తాండా కదా సార్, దానికి మనవళ్ళ దాకా ఎందుకు పోవడం" అన్నాడు.

అది నేను కాదప్పా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ధనంజయ అనలేదు. "మాటలు తరవాత, ముందు దింపు" అన్నాడు. గట్టు మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఎవరో పెట్టిన విందులో పెద్దమనిషిలా కూర్చున్నట్టు ఆ రోజంతా అలాగే గడిచిపోయింది.

బుధవారానికి రూపశ్రీ లాప్‌టాప్‌లో గళ్ళన్నీ పచ్చబడటం మొదలైంది. అయిన పని పచ్చగా, కాని పని ఎర్రగా ఉంటుందట. మోహన్‌కృష్ణ పైనుంచి దిగి వచ్చి పైపుల వైపు కన్నెత్తి చూడకుండా ఆ పచ్చ గళ్ళను చూసి తృప్తిపడి వెళ్ళాడు. ఆరిన కొత్త పెయింటును వేలితో ముట్టి చూసేవాడు పెద్దాయన. కొడుకు తెర మీద ముట్టి చూస్తాడు. ధనంజయకు యజమాని మీదా రూపశ్రీ మీదా ఏవగింపు కలిగింది. తన గొంతుతో ఆమె పని నడుస్తోంది, ఆమె పేరుతో తన బతుకు పోతోంది. ఆదివారం ఆవిరి వస్తే ఆ ఫ్యాక్టరీలో ధనంజయ అనేవాడు అక్కర్లేదు. గొంతు మిగిలింది కదా.

ఇక మిగిలినదల్లా ఎల్లప్ప పని. బాయిలర్ మొదట్లో, ఆవిరి అంతా ఒక్కసారి తోసుకొచ్చే చోట కొన్ని అతుకులున్నాయి. అవి వెయ్యడానికి వేరేవాళ్ళ చెయ్యి పనికిరాదు. బాయిలర్ ఇన్స్పెక్టరు ఇచ్చిన అనుమతి కాగితం మీద ఎల్లప్ప పేరే ఉంది. గురువారం వస్తానన్నాడు.

గురువారం పొద్దున ధనంజయ బంకు దగ్గర ఉండగా ఇమ్మానుయేల్ మోపెడ్ ఆపి, స్టాండు వెయ్యకుండానే కాళ్ళు నేల మీద ఆనించి చెప్పాడు.

"సార్, ఎల్లప్ప వాళ్ళమ్మ పోయిందంట. తెల్లారేటప్పటికి ప్రాణం లేదంట. కార్వేటినగరం పక్కన వాళ్ళూర్లోనే. మీకు చెప్పమన్నాడు."

"ఎవరు, ఎల్లప్పేనా?"

"వాళ్ళ తమ్ముడు చేసినాడు సార్ నాకు. చావింట్లో కొడుకే ఫోన్ పట్టుకోని పనికి రానని చెప్పుకుంటాడా. కంపెనీ నంబరుకి చెప్దామంటే అది ఆ అమ్మాయి దగ్గరుండాది, ఆమెకి ఎల్లప్ప మొహం కూడా తెలీదు. ధనంజయ సార్‌కి చెప్తే చాలు, ఆయన చూసుకుంటాడన్నాడంట."

"సరే. నేను చూసుకుంటాలే" అన్నాడు ధనంజయ.

ఇమ్మానుయేల్ వెళ్ళిపోయాక ఆయన ఇంకో టీ చెప్పాడు. ఎల్లప్ప వాళ్ళమ్మ పోలేరమ్మను ఆయన చూశాడు. ఏడాది కిందట ఎల్లప్ప ఆమెను తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్తూ దారిలో సైటు దగ్గర ఆగాడు. చెట్టు కింద కూర్చోబెట్టి, మిగిలిపోయిన ఒక అతుకు వేసి వెళ్ళాడు. ఆమె అంతసేపూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి కొడుకు చేతిలో నిప్పు వెలుగును చూస్తూ కూర్చుంది. ధనంజయకు అది గుర్తొచ్చింది. దానితోపాటు ఆదివారం కూడా గుర్తొచ్చింది. ఎల్లప్ప రాడు. ఆ సంగతి లాప్‌టాప్‌కు తెలియదు, ఫోన్‌కు తెలియదు, రూపశ్రీకి తెలియదు. యజమాని పూలదండతో వచ్చి చల్లటి పైపు ముందు నిలబడతాడు. అప్పుడు అడుగుతాడు, ధనంజయన్నా, ఏం జరిగిందని. టీ ఆ రోజు చాలా బాగున్నట్టనిపించింది ఆయనకు.

ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చోగానే రూపశ్రీ అడ్డం దాటి వచ్చింది. "ఎల్లప్ప రాలేదు సార్. ఫోన్ మోగతాండాది, ఎత్తడంలేదు. మీకేమన్నా చెప్పినాడా?"

ధనంజయ చేతి గడియారం పట్టీ సరిచేసుకున్నాడు. "నన్నడిగేదేముందమ్మా. నీ ఏఐని అడుగు. అన్నీ దానికి తెలుసు కదా."

ఆమె తిరిగి వెళ్ళింది. కొంచెంసేపటికి అడ్డం అవతలనుంచి ధనంజయ గొంతు ధనంజయకే వినిపించింది. పంపేముందు ఒకసారి విని చూసుకోవడం ఆమెకు అలవాటు.

"ఏమప్పా ఎల్లప్పా, యాడ పడుకోనుండావు? ఈడ బాయిలర్ నీకోసరం నోరు తెరుచుకోనుండాది. మళ్ళా మా అమ్మకి బాగలేదని మొదలుపెట్టబాకు. ఆ ముసలామె నీకంటే గట్టిది. నీకు చేతకాకపోతే ఆమెను బస్సెక్కించు, వచ్చి నాలుగతుకులు కొట్టి పోతాది."

రూపశ్రీ తల అడ్డం పైనుంచి కనిపించింది. "సార్, ఈ అమ్మ మాట బాగాలేదు. కానీ ఉగాది ముందర మీరిట్లే అన్నారంట, ఆ రోజు మధ్యాహ్నానికే వచ్చినాడంట. పెట్టేదా, తీసేసేదా?"

ఇది ధనంజయ ఊహించనిది. చెప్పకుండా ఊరుకోవడం ఒకటి, అడిగినప్పుడు కూడా చెప్పకపోవడం ఒకటి. నాలిక చివరిదాకా వచ్చింది, వాళ్ళమ్మ పోయిందమ్మా అని. అంటే ఆమె వెంటనే వేరే వెల్డరును వెతుకుతుంది. ఇన్స్పెక్టరుతో మాట్లాడుతుంది. ఆదివారం నిలబెట్టుకుంటుంది. ఎదురుగా గోడ మీద ఆమె తగిలించిన పచ్చ గళ్ళ కాగితం ఉంది, ధనంజయ దాన్ని చూశాడు.

"అప్పుడు పనిచేసింది కదా. నీ ఇష్టం" అన్నాడు.

అవతల ఫోన్‌లోంచి మెసేజీ పోయిన చిన్న చప్పుడు వచ్చింది. నీ ఇష్టం అన్నాను కదా, పెట్టమని అనలేదు కదా అని ధనంజయ తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. అటువంటి సంగతుల్లో ఆయనకు వకీలు అక్కర్లేదు.

సాయంత్రం ఎండ వాలేవేళ ఇమ్మానుయేల్ ప్యానెల్ తలుపు బిగిస్తూ రూపశ్రీతో ఏదో అనడం, ఆమె చేతిలోని ఫోన్ కిందికి దిగిపోవడం ధనంజయ దూరంనుంచి చూశాడు. ఆమె నేరుగా ఆయన దగ్గరకు వచ్చింది. పరిగెత్తి వస్తుందనుకున్నాడు, మామూలుగానే నడిచి వచ్చింది.

"ఎల్లప్ప వాళ్ళమ్మ పోయిన సంగతి మీకు పొద్దున్నే తెలుసంట."

"తెలుసు. పని తొందరలో మర్చిపోయినా."

రూపశ్రీ అరుస్తుందని, యజమాని దగ్గరకు పోతానంటుందని ఆయన జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. అవేవీ అవసరం కాలేదు. చెప్పు మీద అంటుకున్నది ఏమిటో చూసినట్టు ఒకసారి ఆయన ముఖంలోకి చూసింది. బాయిలర్ వెనక్కి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము పక్కన చాలాసేపు నిలబడింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది, ఆపింది, మళ్ళీ చెప్పింది. ఏడుస్తోందేమో, అదే జరగాలి, ఇప్పటికి తెలిసొచ్చింది అనుకున్నాడు ధనంజయ. ఆ మాట అనుకోగానే గెలిచినట్టు ఉంటుందనుకున్నాడు గానీ ఉండలేదు.

శుక్రవారం బాయిలర్ దగ్గర ఎవరూ లేరు. రూపశ్రీ ఎవరికీ మెసేజీలు పెట్టలేదు, ధనంజయ గొంతు ఆ రోజు సెలవు తీసుకుంది. మోహన్‌కృష్ణ వచ్చి ఎర్రగా ఉన్న ఒక్క గడిని చూసి ముఖం చిట్లించాడు. ఏం జరిగిందని అడిగాడు. రూపశ్రీ నిజమే చెప్పింది, వెల్డర్ వాళ్ళమ్మ పోయిందని. నాకు ముందు తెలియలేదని మాత్రమే అంది, ఎవరికి తెలుసో అనలేదు. ఆ మినహాయింపు ధనంజయకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. వీళ్ళ దయ తనకెందుకు.

"అయ్యో. మరి ఆదివారం ఎట్ల?" అన్నాడు మోహన్‌కృష్ణ. ఆ అయ్యో ఆదివారానికి చెందినది.

శనివారం ఎండెక్కాక గేటు దగ్గర ఆటో ఆగింది. ఎల్లప్ప దిగాడు. గుండు, మీసం కూడా లేదు. భుజాన కొత్త తెల్ల తువ్వాలు. మూడోనాడు, పొద్దున్నే తల్లి సమాధి మీద పాలు పోసి నేరుగా వచ్చినట్టున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తువ్వాలు తీసి మడతపెట్టి రాడ్ల డబ్బా మీద పెట్టాడు, అద్దం తలుపున్న టోపీ తలకు తగిలించుకున్నాడు. గుండు మీద అది నిలవక జారుతుంటే తువ్వాలు మళ్ళీ తీసి తలకు చుట్టుకుని దాని మీద బిగించాడు.

మోహన్‌కృష్ణ గది కిటికీలోంచి చూసి, మైలలో ఉన్నవాడు కొత్త లైన్ ముట్టుకోవచ్చా అని అయ్యవారికి ఫోన్ చేసి అడిగాడు. పని అయ్యాక పసుపునీళ్ళు చల్లితే చాలని జవాబు వచ్చింది. పని అయ్యాకే చల్లమని మోహన్‌కృష్ణ రెండుసార్లు చెప్పాడు.

ధనంజయ మధ్యాహ్నం దాకా అటు వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండలేకపోయాడు కూడా. ఎల్లప్ప పైపు కింద వెల్లకిలా పడుకుని మొదటి వరస వేస్తున్నాడు. రాడ్ తాకించి, వెలుగు నిలిచాక మణికట్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ అతుకు చుట్టూ తీసుకెళ్తున్నాడు. ఒక రాడ్ అయిపోగానే సుత్తితో పైన పేరుకున్న పెచ్చు కొట్టి, తీగ బ్రష్‌తో రుద్ది, వేలు పెట్టి తడిమి చూస్తున్నాడు. ధనంజయ అక్కడ నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఎల్లప్పా."

"సార్."

"ఆ గురువారం మెసేజీ నేను పెట్టింది కాదప్పా. ఏఐ అని ఒకటుండాది. నా గొంతు దాంట్లో ఏసి ఆ అమ్మాయి పెట్టింది. నాకేం సంబంధం లేదు."

ఎల్లప్ప పెచ్చు కొట్టడం ఆపలేదు. "తెలుసు సార్."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా." అతను పైపు కిందనుంచి జరిగి లేచి కూర్చున్నాడు. టోపీ తలుపు పైకెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది నిప్పు వల్లో నిద్ర లేకో తెలియదు. "పొద్దున వచ్చింది చూడండి, దాన్ని మీరేననుకున్నా. మా అమ్మ ఇంకా ఇంట్లోనే ఉండాది, అప్పుడే స్నానం చేపిస్తాండారు. మా తమ్ముడు నొక్కినాడు ఫోన్. బస్సెక్కించు అనేది అందరూ విన్నారు. మా మేనమామ లేచినాడు మీద పడేటట్టు. మా సార్ మాట అంతేలే, ఎప్పుడూ అట్లే అంటాడు, నాకు అలవాటే అని నేనే సర్దిచెప్పినా."

ధనంజయ బాయిలర్ వైపు చూపు తిప్పుకున్నాడు.

"సాయంత్రం మన్నుచేసి వచ్చినాక ఇంకోటి వచ్చినాది. అదీ మీ గొంతే. తప్పయిపోయింది ఎల్లప్పా, అమ్మ సంగతి తెలీకుండా అన్నా, నువ్వు పనికి రాబాకు, ఆమెకు చెయ్యాల్సినవన్నీ చేసుకో, ఈడ పైపులు యాడికీ పోవు అని." ఎల్లప్ప కొత్త రాడ్ తీసి హోల్డర్‌లో బిగించాడు. "అది విన్నాక అర్థమయింది సార్, మీరు కాదని."

దూరంగా హైవే మీద లారీ ఒకటి గేరు మార్చింది. ధనంజయ నోరు తెరిచాడు, ఏదో ఒకటి అనకపోతే అక్కడ నిలబడలేననిపించింది. "మరి రావద్దంటే ఎందుకొచ్చినావు?"

"రావద్దన్నారు కాబట్టే వచ్చినా" అన్నాడు ఎల్లప్ప. "ఎవరో నాకు తెలీదు. అంత మాట అన్నోళ్ళకి పని ఎందుకు చెడగొట్టాల." అతను టోపీ తలుపు దించుకున్నాడు. "కొంచెం పక్కకి జరగండి సార్, వెలుగు కంట్లో పడతాది."

ధనంజయ పక్కకు జరిగాడు.

ఆదివారం పొద్దున నీళ్ళ ఒత్తిడి పరీక్షలో ఒక్క అతుకూ చెమ్మగిల్లలేదు. పసుపునీళ్ళు చల్లారు, గుమ్మడికాయ కొట్టారు. బాయిలర్ వాల్వు తిప్పగానే కొత్త పైపుల్లో ఆవిరి దడదడ కొట్టుకుంటూ వెళ్ళి చివరన తెల్లగా బయటికొచ్చింది. మోహన్‌కృష్ణ దానికి ఫోటో తీసుకున్నాడు, రూపశ్రీని పక్కన నిలబెట్టి ఇంకోటి తీసుకున్నాడు. ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఇట్లుండాలని వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేశాడు. అతుకులు వేసినవాడికి ప్రసాదం గేటు దగ్గరకు పంపించారు.

తర్వాత ధనంజయను గదికి పిలిచాడు. రూపశ్రీ అక్కడే ఉంది.

"అన్నా, నువ్వు రేపటినుంచి రోజూ రావాల్సిన పని లేదు" అన్నాడు మోహన్‌కృష్ణ, వరమిస్తున్నట్టు. "నీ గొంతు ఉంటే చాలు. అయితే ఒక ఇబ్బంది ఉండాది, రూపశ్రీ చెప్తాది."

రూపశ్రీ బల్ల వైపు చూస్తూ చెప్పింది. "పాత మెసేజీల్లో తిట్లకి కొదవలేదు సార్. మెత్తగా మాట్లాడింది ఒక్కటీ దొరకలేదు. ఆరేళ్ళవి వెతికినా. ఆ రోజు ఎల్లప్పకి పెట్టింది నేను మాట్లాడి మీ గొంతులోకి మార్చినా. అది మీ మాదిరి రాలేదు. సార్ కొన్ని రికార్డు చేయించమంటాండారు."

"కాంట్రాక్టర్లతో అప్పుడప్పుడు మంచిగా కూడా ఉండాల కదన్నా. చదివినా నేను. కూర్చోని ఒక పదో పన్నెండో చెప్పి పో. దానికేదో చూస్తాంలే" అన్నాడు మోహన్‌కృష్ణ.

పెద్దాయన ఉన్న రోజుల్లో అయితే ఆ ఫోన్ తీసి గోడకేసి కొట్టేవాడినని ధనంజయ ఇప్పటికీ నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి సైట్ ఆఫీసులో కూర్చున్నాడు. రూపశ్రీ ఆయన పాత ఫోన్ చేతికిచ్చింది. "మీకు తోచింది చెప్పండి సార్. ఎవరింట్లోనో కష్టం వచ్చిందనుకోండి" అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

కిటికీలోంచి బాయిలర్ వైపు కనబడుతోంది. పూజ అయ్యాక లోపలికొచ్చిన ఎల్లప్ప వెల్డింగ్ కేబుల్‌ను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టుకుంటున్నాడు. లేచి నాలుగడుగులు వేస్తే ఆ మనిషి దగ్గరకే వెళ్ళొచ్చు. ధనంజయ ఫోన్‌ను నోటి ముందు పళ్ళెంలా పట్టుకున్నాడు.

"ఏమప్పా" అన్నాడు. అలా మొదలుపెడితే తిట్టే వస్తుందని తెలిసి చెరిపేశాడు.

"ఎల్లప్పా, మీ అమ్మ పోయిందని విన్నా." ఇంతవరకు బాగానే వచ్చింది. తర్వాత ఏమంటారు? ఆయన ఎన్ని చావిళ్ళకు వెళ్ళలేదు, అక్కడివాళ్ళు ఏమనుకుంటారో వినలేదా. వెళ్ళినప్పుడల్లా గేటు బయట నిలబడి రేపు మనిషిని పంపిస్తావా లేదా అని మాత్రమే అడిగి వచ్చాడు. అన్నది ఒకసారి నొక్కి విన్నాడు. మీ అమ్మ పోయిందని విన్నా అన్న మాట, పైపు వచ్చిందా లేదా అని అడిగినట్టే ఉంది. చెరిపేశాడు. మళ్ళీ అన్నాడు. ఈసారి ఇంకా అన్యాయంగా వచ్చింది.

బయట ఎల్లప్ప కేబుల్ చుట్ట భుజానికెత్తుకున్నాడు. తువ్వాలు దులిపి మెడ చుట్టూ వేసుకున్నాడు. ఆటో కోసం గేటు వైపు నడిచాడు. ఆఫీసు కిటికీ ముందునుంచే వెళ్ళాడు. లోపల ఎవరున్నారని చూడలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. "అయిందా సార్?" అంది రూపశ్రీ.

ధనంజయ ఫోన్ వైపు చూస్తూ, తల ఎత్తకుండా, "అయిపోతాదమ్మా" అన్నాడు.